మూడు ఫొటోలు, ఒక గుండు

"ఈ ఫొటోలో ఉండేది మీ తమ్ముడా?"

గాంధీ రోడ్డులో మునిరత్నం స్టూడియోకి పోతే, ఆయన కూతురు మునిలక్ష్మి నన్ను అడిగిన మొదటి మాట అది. ఫొటోలో ఉండేది నేనే. రెండు నెలల కింద వాళ్ళ నాయన తీసింది. అప్పుడు నాకు నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు ఉండేది. ఇప్పుడు గుండు మీద చందనం.

"నేనే" అన్నాను.

ఆమె ఫొటోని నా చెవి పక్కన పెట్టి చూసింది.

"చెవులు మీవే. మిగతాది నమ్మేదానికి లేదు" అనింది.

కోపం వచ్చింది గానీ, తప్పు ఆమెది కాదు, మా అమ్మ నాగరత్నమ్మది. గల్ఫ్ కంపెనీ నుంచి ఉత్తరం వస్తే కొడుకు దేవరాజులు, అంటే నా తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకోని ఉండింది. ఉత్తరం పొద్దున వచ్చింది. మధ్యాహ్నానికి నన్ను తిరుమల బస్సు ఎక్కించింది. చదువుకోనిచ్చిందా? కొండ దిగినాక చదివితే తెలిసింది, రూల్స్ మారినాయని.

ఇది ఎనభై నాలుగులో మాట. రేణిగుంటలో ఎనిమిదేండ్లుగా లేత్ మిషన్ మీద పని చేస్తా ఉండాను. అంతకుముందు గల్ఫ్‌కి పోయేవాళ్ళందరికీ ఒకటే లిస్టు. ఇప్పుడు చేతిలో పనితనం ఉండేవాళ్ళకి వేరే వీసా, కూలిపనికి వేరే వీసా అంట. పనితనం వీసా కావాలంటే మద్రాసులో ఆఫీసరు ముందర పని చేసి చూపించాల. ఫొటోలో మొహం, ఎదురుగా ఉండే మొహం ఒకటే కావాల. నెల గడువు. రెండో పేజీలో పెండ్లాం పిల్లల సంగతేదో రాసి ఉంటే, మనకా బాధ లేదు కదా అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అయితే గుండుతోనే తీయాల. కూర్చోండి" అనింది మునిలక్ష్మి.

"మీ నాయన లేడా?"

"పెండ్లికి పోయినాడు ఫొటోలు తీసేదానికి. నేను తీస్తే మీ మొహం రాదా ఏంది? గడ్డం ఎత్తండి. అంత కాదు, పైన ఫ్యానుని చూసే పని లేదు."

లైటు వేస్తే గుండు మెరిసిపోయింది. ఆమె నవ్వు ఆపుకుంటా పౌడరు డబ్బా ఇచ్చింది. తలకి పౌడరు కొట్టుకోని ఫొటో దిగిన మొగోణ్ణి తిరుపతిలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"రేపు రాండి" అనింది.

రేపు పోతే కరెంటు లేక ప్రింటు వేయలేదనింది. ఎల్లుండి పోతే పేపరు అయిపోయిందనింది. డ్యూటీ దిగి దినామూ బస్సులో వస్తా ఉంటే వారం గడిచిపోయింది. ఆ వారంలో జుట్టు మొలిచింది.

"ఆ ఫొటో ఇప్పుడు మీకు సరిపోదే" అనింది నా తలని చూసి. "మళ్ళా తీయాల."

మళ్ళా తీసింది. మళ్ళా అదే కథ. మూడోసారి కూడా తీసింది. నిజం చెప్పాలంటే నాకు కోపం రావడం ఎప్పుడో మానేసింది. దువ్వుకునేదానికి ఏమీ లేకపోయినా ఒక దువ్వెన కొనుక్కున్నాను. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు ఎట్ల తీసేస్తారో ఆమె చూపిస్తా ఉంటే పక్కన నిలబడి చూసేవాణ్ణి.

"నా బుగ్గ మీద గాటు కూడా తీసేయండి" అన్నాను ఒకనాడు.

"ఉండనీండి. అది లేకపోతే మీరని ఎట్ల తెలుస్తాది?" అనింది, తల ఎత్తకుండా.

సోమవారం టెస్టు. శనివారం వానలో తడుస్తా పోయినాను. కౌంటర్లో మునిరత్నం ఉన్నాడు.

"నీ ఫొటోలా? ఎప్పుడో అయిపోయినాయి కదప్పా" అని సొరుగు లాగినాడు.

మూడు కవర్లు. మూడింటి మీదా మునిలక్ష్మి చేతిరాతతో తేదీలు. మొదటిది నేను వచ్చిన రోజుదే.

ఆమె డార్క్ రూము తెర పట్టుకోని నిలబడి ఉండాది. మునిరత్నం కవర్లని చూసినాడు, కూతుర్ని చూసినాడు, నన్ను చూసినాడు. "టీ తాగొస్తా" అని గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి పోయినాడు.

"ఎందుకు ఇట్ల చేసినావు? గడువు దాటిపోయుంటే నా గతేమి?" అన్నాను.

"దాటనిస్తానా? ఈ పొద్దు ఇచ్చేద్దామనే ఉన్నా."

"మొదటి రోజే ఇచ్చుండొచ్చు కదా."

"ఇచ్చుంటే మొదటి రోజే పోయుంటావు." ఆమె కూడా 'మీరు' వదిలేసింది. "గల్ఫ్‌కని ఫొటో తీసుకోని పోయినోళ్ళు ఎవరూ మళ్ళా ఈ అంగడికి రాలేదు. వాళ్ళ నెగెటివ్‌లు డబ్బాలో ఉండాయి. నీది కూడా అందులో వేసేదానికి నాకు చెయ్యి రాలేదు. నువ్వంటే ఇష్టం నాకు. అంతే."

బయట వాన కొంచెం తగ్గింది.

"నాకూ అంతే" అన్నాను కడాకు. "పోయేది మానుకునేదా?"

"వద్దు. నా కోసం పని మానుకున్నోడు రేపు నన్నే అంటాడు." మూడో కవరు నా చేతిలో పెట్టింది. "టెస్టు బాగా చేయి."

మద్రాసులో ఆఫీసరు ఫొటో చూసినాడు, నా తల చూసినాడు.

"తిరుపతా?"

"అవును సార్."

నవ్వి, ఇనప కడ్డీ ఇచ్చినాడు. లేత్ మీద నేను తిప్పిన కడ్డీని కొలిచి చూసి పాస్ అని రాసినాడు.

"పెళ్ళయిందా?"

"లేదు సార్."

"రెండో పేజీ చదవలేదా? కూలి వీసాకైతే లేదు, నీ వీసాకి భార్యని తీసుకుపోవచ్చు. చేసుకుంటే ఈ ఫారం మీద ఇద్దరి ఫొటో అంటించి పంపు. మూడు నెలలు టైముంది."

నేను రాంగ్ బస్సు ఎక్కకుండా తిరుపతి చేరినానంటే అది మా అమ్మ మొక్కుల బలమే.

ఫారమూ, కంపెనీ ఉత్తరమూ మునిరత్నం ముందర పెట్టినాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోని ఉత్తరం రెండు పేజీలూ చదివినాడు. నేను మడిచి జేబులో పెట్టుకున్న పేజీని రెండుసార్లు చదివినాడు.

"రెండేండ్ల కాంట్రాక్టా?"

"అవును మామా."

నోరు జారింది. తెర వెనకాల గాజులు గలగలమన్నాయి. ఆయన కళ్ళద్దాలు తీసి చానా సేపు తుడుచుకున్నాడు.

"ఆదివారం మీ అమ్మని తీసుకోని రా" అన్నాడు. "ఈ ఫొటో పెండ్లయినాక తీయాల్సింది. ఆ పొద్దు జనంలో నాకు తీరికెక్కడిది? లైటు ఇప్పుడే చూసుకుంటా. కూర్చోండి ఇద్దరూ."

ఊరందరినీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టిన మునిలక్ష్మి, చేతులు యాడ పెట్టుకోవాలో తెలీక చీర కొంగు పట్టుకోని కూర్చునింది. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునే జాగా ఉండాది.

మునిరత్నం నల్లగుడ్డ కింద తల దూర్చినాడు.

"సగం ఫొటో గోడే ఉండాది. దగ్గరికి జరగండి."

జరిగినాము.

"ఇంకొంచెం జరగప్పా" అన్నాడు గుడ్డ లోపలినుంచి. "నేనే కదా చెప్తా ఉండేది."