కాలవ అవతల మోషే

"ఇంకొంచెం పైకి లేపండి తమ్ముడూ! జనం కనపడాలి... జనం!"

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో సుబ్బరాజు గొంతు.

శ్యామ్ బాబు బొటనవేళ్ళు కదిలాయి. డ్రోన్ పైకి లేచింది.

కొత్తపేట శివారు. ప్రచారంలో ఆఖరి సభ. సాయంత్రం ఐదు నలభై ఐదు. ఆరింటికి మైకులన్నీ కట్టేయాలి. ఎల్లుండి పోలింగ్.

సౌండ్ వ్యాన్ టాపు మీద నిలబడి ఉన్నాడు శ్యామ్. చేతిలో రిమోట్. దానికి బిగించిన స్క్రీన్‌లో ముప్ఫై వేల తలలు చీమల్లా కదులుతున్నాయి.

ఈ పని ఇప్పించింది బావ మోషే. అక్క విజయ మొగుడు. తమ పేటవాడే. అభ్యర్థి సూర్యప్రకాష్ దగ్గర తొమ్మిదేళ్ళుగా డ్రైవరు. నియోజకవర్గంలో ఆ కారు తెలియనివాడు లేడు. దాన్ని తోలే మోషే తెలియనివాడూ లేడు.

డ్రోన్ కాలవ దాటింది. అవతల కొబ్బరితోట.

వెనక్కి తిప్పబోయాడు.

ఆగాడు.

తోట మధ్య చెట్లు కొట్టేసిన ఖాళీ జాగా. అక్కడ ముగ్గురు నిలబడి ఉన్నారు. నాలుగోవాడు నేల మీద పాకుతున్నాడు.

జూమ్!

ముగ్గురి ముఖాలకీ ఊదారంగు కండువాలు. అవతలి పార్టీ కండువాలు! పాకుతున్నవాడిది తెల్లచొక్కా. వీపంతా ఎర్రగా...

పాకుతున్నవాడు తల తిప్పాడు.

బావ!

శ్యామ్ ఒక చేత్తో రిమోట్ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి మోషే నంబరు కొట్టాడు.

రింగ్... రింగ్...

స్క్రీన్‌లో పొడుగాటి మనిషి ఒకడు వంగాడు. మోషే జేబులోంచి ఫోన్ లాగాడు. పేరు చదువుకున్నాడు. తీరిగ్గా నాలుగడుగులు నడిచి కాలవలోకి విసిరేశాడు.

రింగ్ ఆగిపోయింది.

"బావా!"

డప్పుల మోతలో ఆ కేక తనకే వినపడలేదు.

డ్రోన్‌ని గాల్లో అలాగే నిలబెట్టి కిందికి దూకాడు. జనంలోకి! భుజాలు, మోచేతులు, జెండా కర్రలు. ఎవరో తిడుతున్నారు. ఎవరో మజ్జిగ ప్యాకెట్ అందిస్తున్నారు.

బారికేడ్ దగ్గర కానిస్టేబుల్.

"కాలవ అవతల మా బావని చంపేస్తున్నారండీ! రండి సార్... ఒక్కసారి చూడండి!"

కానిస్టేబుల్ స్క్రీన్ వైపు చూడనైనా లేదు.

"మాది బారికేడ్ డ్యూటీ అండీ. ఇక్కణ్ణుంచి కదిలితే సీఐ గారు ఊరుకోరు. వందకి ఫోన్ కొట్టండి."

మళ్ళీ పరుగు!

స్టేజీ వెనక సుబ్బరాజు. సూర్యప్రకాష్ ప్రచారమంతా నడిపేది ఈయనే. ఇస్త్రీ నలగని ఖద్దరు. గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

"సుబ్బరాజు గారూ! చూడండి... మన మోషే అండీ!"

సుబ్బరాజు కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్‌లోకి చూశాడు.

"అయ్యయ్యో... కంగారు పడకండి తమ్ముడూ. మన కుర్రాళ్ళని పంపుతాను."

అటు తిరిగి ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు.

శ్యామ్ కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఒక్క నిమిషం బావా... ఒక్క నిమిషం ఓర్చుకో...

తోటలో పొడుగాటి మనిషి జేబులో చెయ్యి పెట్టాడు.

ఫోన్ తీశాడు.

చెవిలో పెట్టుకున్నాడు!

ఇక్కడ సుబ్బరాజు మెల్లగా అంటున్నాడు. "ఆయ్... ఆయ్... తొందరగా కానిచ్చేయండి."

అక్కడ పొడుగాటి మనిషి తలూపాడు. ఫోన్ జేబులో వేసుకుని, ఇనప రాడ్డు అందుకున్నాడు.

శ్యామ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

సుబ్బరాజు ఇటు తిరిగాడు. కుర్రాడి ముఖం చూశాడు. అర్థమైపోయింది.

"ఆ రిమోట్ ఇలా ఇచ్చేయండి తమ్ముడూ."

పరుగు!

వెనక ఇద్దరు. బరువైన అడుగులు. శ్యామ్ బారికేడ్ కింద నుంచి దూరాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఎదురుగా ఎల్ఈడీ స్క్రీన్ నడిపే టేబుల్. అక్కడ శివ. రాజోలులో కలిసి చదువుకున్నవాడు.

"వైరు ఇవ్వరా!"

"ఏమైందిరా?"

"బావరా... ఇవ్వరా!"

శివ ఇంకేం అడగలేదు. వైరు అందించాడు. శ్యామ్ రిమోట్‌కి గుచ్చాడు.

ముప్ఫై అడుగుల తెర మీంచి సూర్యప్రకాష్ ముఖం మాయమైంది.

మోషే వచ్చాడు.

రాడ్డు లేచింది... పడింది!

డప్పులు ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క కేక. ఆ గొంతు శ్యామ్‌కి తెలుసు. అక్క!

స్టేజీ మీద సూర్యప్రకాష్ వెనక్కి తిరిగి తెర చూశాడు. ఒక్క క్షణం సుబ్బరాజు కోసం వెతికాడు. తర్వాత మైకు దగ్గరికి వచ్చాడు. గొంతులో అప్పుడే ఏడుపు తెచ్చేసుకున్నాడు.

"అది నా మోషే అండీ! డ్రైవరు కాదు... నా తమ్ముడు! ఆ కండువాలు చూసేరా? ఎవరివో గుర్తుపట్టేరా?"

మైదానం గర్జించింది. బారికేడ్లు వంగుతున్నాయి.

"ఆగండి! ఎవరూ కదలకండి! పోలీసులు వెళతారు. మనం చట్టాన్ని చేతుల్లోకి తీసుకోం. ఎల్లుండి ఓటుతో కొడదాం!"

ఆగారు.

ముప్ఫై వేలమందీ ఆగిపోయారు. తెరకేసి చూస్తూ, ఏడుస్తూ, తిడుతూ... నిలబడ్డారు. పోలీసులు ఒక్కరూ కదల్లేదు.

రాడ్డు మళ్ళీ లేచింది.

శ్యామ్ అరవబోయాడు. వెనక నుంచి అరచెయ్యి నోరు నొక్కేసింది. నడుముకి కత్తిమొన. ఇంకొకడు శివ మెడ పట్టుకున్నాడు.

సుబ్బరాజు నింపాదిగా వచ్చి శ్యామ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"థాంక్సండీ. రేపు శవం దొరికితే పేపర్లో వేయిద్దామనుకున్నాం. మీరు లైవే ఇచ్చేసేరు."

శ్యామ్ గింజుకున్నాడు. కత్తిమొన చర్మంలోకి దిగింది.

"మీ పేటలో నాలుగు వేల ఓట్లు. బతిమాలేం, బెదిరించేం. మాకు పడవని తేలిపోయింది. ఇప్పుడు పడతాయండీ. మోషే మంచోడు... ఊరంతా ఏడుస్తుంది." వాచీ చూసుకున్నాడు. "ఇంకొక్క నిమిషం అలాగే ఉంచండి. ఆరు దాటితే చూపించకూడదు. కోడ్ ఉంది కదా."

నోరు మూశారు. నడుం పట్టుకున్నారు.

వేళ్ళు వదిలేశారు!

శ్యామ్ ఎడమ బొటనవేలు వెనక్కి లాగి, కుడి బొటనవేలు ముందుకి తోశాడు.

ముప్ఫై అడుగుల తెర మీద నేల ఒక్కసారిగా పైకి లేచి వచ్చింది. కొబ్బరిమట్టలు... గడ్డి... ఎత్తిన రాడ్డు... జనం కెవ్వుమన్నారు.

పొడుగాటి మనిషి తలెత్తాడు. రాడ్డు విసిరాడు. తగల్లేదు!

రెక్కల గాలికి ఊదారంగు కండువా ఎగిరిపోయింది.

తెర నిండా ముఖం.

నెల రోజులుగా ప్రతి ఫ్లెక్సీలో తండ్రి పక్కన నవ్వుతున్న ముఖం. గడపగడపకీ తిరిగి "మా నాన్నగారికే మీ ఓటండీ" అని దండం పెట్టిన ముఖం.

"ఒరేయ్ ధీరజ్..."

సూర్యప్రకాష్ గొంతు. నిజం గొంతు. చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. మైదానం చుట్టూ ఉన్న స్పీకర్లన్నీ ఆ మాటని ముప్ఫై వేలమందికీ చెప్పేశాయి.

తెర మీద రక్తం చిమ్మింది. తెర నల్లబడిపోయింది.



తర్వాత ఒక కుర్చీ స్టేజీ మీదికి ఎగిరింది. తర్వాత వంద!

శ్యామ్ నోటి మీద చెయ్యి జారిపోయింది. వెనకవాళ్ళు పారిపోతున్నారు. సుబ్బరాజు కండువా తీసి జేబులో కుక్కుకుంటూ జనంలో కలిసిపోతున్నాడు.

శ్యామ్ తోట వైపు పరుగెత్తాడు. ఈసారి అందరూ దారి ఇచ్చారు.

కాలవ మీద రెండు కొబ్బరిదుంగలు పరిచిన వంతెన. దాటాడు.

మిగతా ఇద్దరూ ఎప్పుడో పారిపోయారు. మోషే వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. శ్యామ్ మెడ మీద వేళ్ళు పెట్టి చూశాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది.

నాడి లేదు.

మళ్ళీ చూశాడు. మళ్ళీ...

పెదవి మీద చీమ పాకుతోంది. వేలితో తీసేశాడు.

"ఎవరండీ... ఎవరది?"

చెట్టు మొదట్లో ధీరజ్. డ్రోన్ రెక్కలు నుదురు చీల్చాయి. రెండు కళ్ళలోనూ రక్తం. ఏమీ కనపడటం లేదు. కాలవ అవతల హోరు దగ్గరవుతుంటే వణికిపోతున్నాడు.

"పోలీసులాండీ? వాళ్ళొచ్చేస్తున్నారు... నన్ను చంపేస్తారండీ... అడ్డం నిలబడండి!" తడుముకుంటూ పాకి వచ్చి శ్యామ్ కాలు పట్టుకున్నాడు. "మీకు దండం పెడతానండీ..."

శ్యామ్ కాలు విడిపించుకున్నాడు. నడిచి వెళ్ళి వంతెన ఇవతలి కొసన నిలబడ్డాడు.

జనం అవతలి కొసకి వచ్చి ఆగారు. చేతుల్లో జెండా కర్రలు, విరిగిన కుర్చీ కాళ్ళు. దుంగల మీద ఒక్కొక్కరే రావాలి. ఒక్క మనిషి అడ్డం నిలబడితే చాలు.

అందరికన్నా ముందు పేట పెద్ద దేవసహాయం. తెల్లటి తల. చేతిలో కర్ర.

"బాబూ... మోషే?"

శ్యామ్ తల అడ్డంగా ఊపాడు.

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. రోడ్డు వైపు పోలీసు జీపు సైరన్ దగ్గరవుతోంది. ఇంకో రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.

"మరేం చెయ్యమంటావయ్యా?" అడిగాడు దేవసహాయం.

వెనక నుంచి ధీరజ్ అరుస్తున్నాడు. "దారి ఇవ్వకండి! అన్నా... దారి ఇవ్వకండి!"

శ్యామ్ బాబు వంతెన మీంచి పక్కకి తప్పుకున్నాడు.

"రండి," అన్నాడు. "దుంగలు జారతాయి... చూసుకుని రండి."