కదలని ఏడో వరస

ఇస్త్రీ పెట్టె చొక్కా కాలరు దాటి చేతి మీదికి వచ్చేసరికి ఫోను మోగింది.

"టైలర్ షాపు నుంచమ్మా. మీ జాకెట్టుకి గుడ్డ తక్కువైంది."

ఆమె పెట్టెను నిలబెట్టింది. "ఎంత?"

"పదకొండు అంగుళాలు."

అంటే పదకొండు గంటలకు ఏదో జరగబోతోంది. గోడ గడియారంలో ఏడున్నర. లోపల భర్త గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆయన నగర నీటి సరఫరా సంస్థలో కెమిస్టు. భార్య కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుందనీ, అప్పుడప్పుడూ ట్రైనింగ్ క్యాంపులకి వెళ్తుందనీ ఆయనకు తెలుసు. ఆమెను గూఢచారి శాఖలో జల్లెడ అంటారనీ, ఆ క్యాంపులు ఏ మ్యాపులోనూ ఉండవనీ తెలియదు.

మిగిలిన చేయి కూడా ఇస్త్రీ చేసి, చొక్కా కుర్చీకి తగిలించి బయలుదేరింది.

శాఖ అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన బల్ల మీద ఒక ఫొటో ఉంది. విదేశీ ముఠాకి కబుర్లు మోస్తూ పట్టుబడిన వాడి నోటు బుక్కులోని పేజీ. అందులో మూడే ముక్కలు: ఏడో ట్యాంకు. పదకొండు గంటలు. ఎవరూ ఏదీ ముట్టుకోనక్కర్లేదు.

"నలభై ట్యాంకుల్లో ఏడోది పెద్దాసుపత్రికి పోతుంది. ఏ ట్యాంకు నీళ్ళలో ఎంత క్లోరిన్ మందు కలపాలో ఒక స్ప్రెడ్‌షీట్ లెక్కగడుతుంది. మందు ఎక్కువైతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు పెద్దాయన. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "ఆ షీటు పదేళ్ళుగా ఒక్కడి చేతిలోనే ఉందమ్మాయ్. వాడు వాళ్ళ మనిషో కాదో తేల్చాలి."

ఆ ఒక్కడు ఎవరో ఇద్దరికీ తెలుసు.

"పోనీ, ఇంకొకర్ని పంపనా?"

"వద్దండీ. నేనే వెళ్తాను. ఏ వేషంలో?"

"నీకు వేషమెందుకు? ఇంట్లో చెప్పే అబద్ధమే చాలు."

పది గంటలకు ఆమె నీటి సంస్థ రెండో అంతస్తులో స్ప్రెడ్‌షీట్ ట్రైనర్‌గా నిలబడి ఉంది. వెనక బెంచీలో నోటు పుస్తకాలు పట్టుకున్న ఇద్దరు విద్యార్థులూ శాఖ మనుషులే. భర్త ఆమెను చూసి మొదట తెల్లబోయాడు, తర్వాత అందరికీ గర్వంగా పరిచయం చేశాడు. ఆ గర్వం చూడలేక ఆమె కంప్యూటరు వైపు తిరిగింది.

కిటికీ దగ్గర ముదురాకుపచ్చ పట్టుచీరలో, శాఖలో నెమలి అని పిలిచే ఆవిడ నవ్వుతూ కూర్చుంది. బయటికి ఆ సంస్థ కన్సల్టెంటు. లోపల మాత్రం విదేశీ ముఠాలో రెండేళ్ళుగా శాఖ తరఫున మసలుతున్న డబుల్ ఏజెంటు.

జల్లెడ తన చేతి గాజు విప్పి కంప్యూటరుకి తగిలించింది. గాజులోని పెన్‌డ్రైవ్ వారం రోజుల షీటు కాపీలను ఇవాళ్టి దానితో పోల్చి, ఎవరైనా చేత్తో మార్చిన ప్రతి గడికీ ఎర్రరంగు పూస్తుంది. ఒకే ఒక్క గడి ఎర్రబడింది: పైన మందు గాఢత. అది మారవలసిందే. ఇవాళ పదింతలు గాఢమైన మందుతో కొత్త డ్రమ్ములు వచ్చాయి. తెప్పించింది నెమలి. ఎంత చిక్కటి మందైతే అంత తక్కువ కలపాలి. ఆ తగ్గింపు షీటు చూసుకుంటుంది.

నిజంగానే ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. మరి ప్రమాదం ఎక్కడుంది?

శాఖలో చేరక ముందు ఆమె బతుకుతెరువు పక్కవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. అక్కడ నేర్చింది ఒకటే: జవాబు ముందే తెలిసిన ప్రశ్న వేయాలి.

"ఈ షీటుకి ఒక టెస్టు పెడదాం," అంది.

"పదేళ్ళ షీటుకి టెస్టేంటే, అందరి ముందూ?" అన్నాడు భర్త, నవ్వబోయి ఆగి.

"వదిలెయ్ చెల్లీ. ఆయన మనసు కష్టపెట్టుకుంటారు," అంది నెమలి. అలా అంటూ గడియారం వైపు చూసింది. ఆ చూపు జల్లెడ కంట పడింది.

"గాఢత రెట్టింపు చేస్తున్నాను. ప్రతి ట్యాంకు లెక్కా సగానికి దిగాలి."

ముప్పై తొమ్మిది వరసలు దిగాయి. ఏడో వరస కదల్లేదు. అరవై లీటర్లు. గడి మీద నొక్కి చూసింది. మిగతా చోట్ల సూత్రం ఉంది. ఇక్కడ సూత్రం లేదు, ఎవరో చేత్తో కొట్టిన అరవై అంకె ఉంది. పల్చటి మందు రోజుల్లో అది సరిపోయేది. ఇవాళ్టి చిక్కటి మందుకి అది పదింతలు ఎక్కువ.

నెమలి పనిచేస్తున్నది శాఖకి కాదు, ముఠాకే. విద్యార్థులిద్దరూ లేచి ఆమెకు చెరోపక్క నిలబడ్డారు. నెమలి నవ్వు చెదరలేదు. "నేను ఒక్క గడీ ముట్టుకోలేదు. కాపీలు అందరికీ మెయిల్ చేస్తారుగా, చదివానంతే. ఆ అంకె కొట్టినాయన చొక్కాకి ఇవాళ ఇస్త్రీ చేసింది నువ్వే కదూ, చెల్లీ?"

పదకొండుకి రెండు నిమిషాలు. జల్లెడ పంపుహౌసుకి ఫోను చేసింది. ఆపరేటరు ముసలాయన మర్యాదగానే కాదన్నాడు. కెమిస్టు గారు పచ్చ సిరాతో సంతకం పెట్టిన కాగితం చేతిలో ఉందట, అందులో అరవై అని ఉందట. పదేళ్ళుగా ఆ సంతకం తప్ప ఇంకెవరి మాటా విన్లేదట.

భర్త ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"వాల్వు తిప్పకు," అన్నాడు. గదిలో అందరూ వింటున్నారు. "నా లెక్క తప్పు."

అవతల ముసలాయన వాల్వు మీంచి చేయి తీసిన చప్పుడు ఫోనులో వినిపించింది.

మర్నాడు పొద్దున ఆమె ఇస్త్రీ బల్ల మీదే రిపోర్టు రాస్తోంది. అందులో పట్టిక ఆమె తయారు చేసినదే: ఏం మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు. ఏ షీటులో ఏ మార్పు జరిగినా ఇవి నాలుగూ రాయాలి, రాసింది చెరపకూడదు. ఏడో వరస సంగతి వదిలేయొచ్చని పెద్దాయన చూచాయగా అన్నాడు. ఆమె వదల్లేదు. పాత కాపీలు వెతికి తేదీ పట్టుకుంది, భర్త పేరు రాసింది. చివరిది, 'ఎందుకు' అన్న గడి ఒక్కటే ఖాళీ.

ఆయన వెనక నిలబడి మొత్తం చదివాడు. పైన, కేసు ఎందుకు తెరిచారో చెప్పే వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగాడు: కెమిస్టు శత్రువు మనిషి అన్న అనుమానం. విచారణాధికారి: జల్లెడ. తర్వాత జేబులోంచి పచ్చ కలం తీసి ఖాళీ గడి నింపాడు.

'మీటరు రీడింగు రాలేదు. గడిలో ఎర్రర్. అరవై అని చేత్తో కొట్టేశాను. ఆ సాయంత్రం మా ఆవిడ రెండు నెలల క్యాంపు నుంచి వస్తోంది. తొందరగా ఇంటికి వెళ్ళాలి.'

ఆమె తేదీ మళ్ళీ చూసుకుంది. నిజమే. ఆ రోజు ఆయన స్టేషనుకి తనకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. క్యాంపు బాగా జరిగిందా అని అడిగితే, బాగా జరిగిందని చెప్పింది.

ఆ పట్టికలో తన అబద్ధాలకి వరస లేదు.

తలెత్తేసరికి ఆయన వాకిట్లో చెప్పులేసుకుంటున్నాడు. ఒంటి మీద నిన్నటి నలిగిన చొక్కానే ఉంది. ఇవాళ్టికి ఇస్త్రీ చేసింది కుర్చీకి వేలాడుతోంది. వెళ్ళిపోయాడు, తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేసి.