నెమలికి ఒక ఫోన్ కాల్

చీఫ్ బల్ల మీదికి ఒక ఫొటో జరిపాడు.

"కోడ్ నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. మన జీతం తింటూ విదేశీ ముఠాకు పనిచేస్తోంది. ఈ సాయంత్రం ఏదో రైల్లో బాంబు పేలబోతోంది. ఏ రైలో ఆమెకే తెలుసు."

ఏజెంట్ డేగ ఫొటో అందుకున్నాడు. బంగారు రంగు విగ్గు, నల్లకళ్లద్దాలు. గడ్డం కింద కుట్ల మచ్చ మాత్రం దాగలేదు. చిన్నప్పుడు సైకిల్ మీంచి ఆమెను పడేసింది తనే.

"సార్, ఇది మా చెల్లెలు."

"తెలుసు. నిన్ను చూస్తే కాల్చదు."

హోటల్ లాబీలో డేగ వెయిటర్ వేషంలో ట్రే పట్టుకుని వెళ్లాడు. లేడీ ఆఫీసర్ వెనకనుంచి వచ్చి నెమలి చేతులకు బేడీలు వేసింది. హ్యాండ్‌బ్యాగ్ స్వాధీనం చేసుకుంది.

"బాంబు కుట్ర కేసులో అరెస్ట్ చేస్తున్నాం. నోరు విప్పకపోవడం నీ హక్కు. లాయర్‌ను పెట్టుకోవచ్చు. అయినవాళ్లలో ఒకరికి కబురు చెప్పుకోవచ్చు," అన్నాడు డేగ.

"అయినవాడు ఎదురుగానే ఉన్నాడుగా. గ్లాసులన్నీ ఒక పక్కకే పెట్టావేంటన్నయ్యా, ఒలికిపోవూ?"

ఇంటరాగేషన్ గదిలో ఎంత అడిగినా ఆమె ఏ రైలో చెప్పలేదు.

"రెండు తగిలించు," అన్నాడు చీఫ్.

"కొడితే దెబ్బలు ఆగే మాట చెప్తుంది సార్. రైలు ఆగే మాట కాదు."

అప్పుడు నెమలి తలెత్తింది. "అమ్మకు ఫోన్ చేస్తాను."

"కోడ్ వర్డ్ చెప్పి పేల్చేయిస్తుంది. కుదరదు."

"ఇది మన దయ కాదు సార్, చట్టం." డేగ స్పీకర్ ఆన్ చేశాడు.

"వారంనుంచి ఫోన్ ఎత్తవేంటే?" అంది అమ్మ. "బాత్రూంలో జారిపడ్డావో, జ్వరమొచ్చి ఒక్కదానివే పడున్నావోనని నాకు ముద్ద దిగితేనా? అందుకే బయల్దేరాను."

"ఎక్కడికమ్మా?"

"నీ దగ్గరికే. సాయంత్రం ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నాను. దొంగలుంటారని బ్యాగు ఒళ్లోనే పెట్టుకున్నాలే."

నెమలి బేడీల చేతులతోనే బల్ల మీది తన హ్యాండ్‌బ్యాగ్ చూపించింది.

"అన్నయ్యా, ఆ రైలే! నా లిప్‌స్టిక్ తియ్యి. అదే రిమోట్. మూత ఎడమకు తిప్పి నొక్కు. టైమైపోతోంది."

"నమ్మకు," చీఫ్ డేగ చెయ్యి పట్టుకున్నాడు. "అదే పేల్చే బటనేమో."

డేగ చెల్లెలి కళ్లలోకి చూశాడు. చెయ్యి విదిలించుకుని, తిప్పి, నొక్కాడు.

ఫోన్ కట్టయింది.

నెమలి బేడీల చేతుల్లో ముఖం దాచుకుంది. ఎంతసేపటికో ఫోన్ మోగింది.

"సొరంగమొచ్చిందే, కట్టయింది. భయపడ్డావా పిచ్చిపిల్లా?"

స్టేషన్‌లో బాంబు స్క్వాడ్ బోగీలోంచి ఎర్ర సిలిండర్ దించుతోంది. డేగ అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, అరెస్టు గురించి చట్ట ప్రకారం ఇంట్లోవాళ్లకు చెప్పాల్సినదంతా చెప్పాడు.

"లాయర్‌ను నేనే మాట్లాడానమ్మా. రేపు కోర్టులో హాజరుపరుస్తాం."

"ఉరేస్తారట్రా?"

"నీ రైలును ఆపద దాటించింది చెల్లెలే. జడ్జిగారికి అదీ చెప్తాను."

అమ్మ ఒళ్లోని బ్యాగు ఇంకా గట్టిగా హత్తుకుంది.

"జారిపడిందనుకున్నాను. జ్వరమనుకున్నాను. ఎవడి వెంటో వెళ్లిపోయిందనీ అనుకున్నాను. పుట్టినప్పట్నుంచీ దానికి ఎంచని కీడు లేదు గదరా, ఇదొక్కటి ఎలా మర్చిపోయాను?"