దీపం అని ఎక్కడ రాసినావ్?

"ఉష్! మెల్లిగా! నాన్న తొంగున్నాడు!"

సుజాతమ్మ వంటగదిలోంచి చెయ్యి ఊపింది. ఆలిస్ మునివేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వచ్చింది. చేతిలో కార్డుల కట్ట, చెవి మీద పెన్సిలు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పిల్లలందరికీ ఈ నడక వచ్చు. గూడ్స్ బండి గార్డులూ డ్రైవర్లూ రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, పగలు పడుకుంటారు మరి. ఆలిస్ వాళ్ళ నాన్న తీతు కూడా గార్డే.

"అమ్మా, కొత్త కాలింగ్ బెల్ ఎలగుందో చెప్పు. కార్డు మీద రాయాలి."

"కోటిలింగం గారి కొట్లో మోగిస్తున్నారు, అదేనా?" సుజాతమ్మ గొంతు తగ్గించింది. "నొక్కితే ఖరిదా బజారంతా ఇనబడింది! మనింట్లో పెడితే మీ నాన్న మంచం మీంచి ఎగిరి పడతాడు. సౌండు తగ్గించుకోడానికి ఓ బటనుండాలి. అది రాయి."

"అలాగే" అంది ఆలిస్. పెన్సిలు తీసి రాసింది.

ఏం రాసిందో తెలుసా? ఇంగ్లీషులో 'వెరీ గుడ్' అని రాసింది.

అదేమిటి, వాళ్ళమ్మ చెప్పింది అది కాదు కదా అంటారా? నేనూ అదే అంటున్నాను. కానీ ఆ రోజు పొద్దున ఏం జరిగిందో ముందు వినండి.

ఆ రోజు స్కూలుకి సెలవు. ఆలిస్ బల్బు కొనడానికి కోటిలింగం గారి ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుకి వెళ్ళింది. అక్కడ కలకత్తా నుంచి వచ్చిన బిమల్ దా అనే ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయనది సురధ్వని అనే కంపెనీ. బటన్ నొక్కితే పాట పాడే కాలింగ్ బెల్ ఒకటి వాళ్ళు తయారు చేశారు. దుర్గాపూజకి బజారులోకి తెస్తారట. ఈలోగా జనం ఏమంటారో తెలుసుకుని రమ్మని ఆయన్ని పంపారు.

పాపం, తెలుగు వాళ్ళుండే క్వార్టర్ల వరసలో ఆయనకి ఒక్క మాటా దొరకలేదు. ఏదో అమ్మడానికి వచ్చాడనుకుని అందరూ "నహీ చాహియే" అని తలుపులు వేసేశారు.

"ఈ పిల్లని అడగండి దాదా. వరసలో అందరి ఉత్తరాలూ ఇదే రాస్తాది. పొద్దున మీ బెల్లు సూడ్డానికి ఆ వరసోళ్ళంతా ఇక్కడే ఉన్నారు. దీనికైతే సెప్తారు" అన్నాడు కోటిలింగం.

బిమల్ దా ఆమెకు కార్డులిచ్చాడు. కార్డు మీద రెండే ప్రశ్నలు. బెల్ ఎలా ఉంది? ఏం మార్చాలి?

"ఖుకీ, మధ్యాహ్నంలోగా ఇరవై కార్డులు నింపి తే. ఈ శాంపిల్ బెల్ నీదే" అన్నాడు ఆయన హిందీలో.

ఖుకీ అంటే బెంగాలీలో చిన్నపిల్ల అని. ఆలిస్‌కి పదకొండేళ్ళు. మామూలుగా అయితే ఆ పిలుపుకి మూతి ముడుచుకునేది. ఇప్పుడు మాత్రం కళ్ళు బెల్ మీదే ఉన్నాయి. వరస మొత్తంలో బెల్ ఉన్న మొదటి ఇల్లు తనదే అవుతుంది!

మొదటి ఇల్లు ఎస్తేరమ్మది. "బటన్ ఎత్తులో పెట్టాల. నేకపోతే పిల్లలు నొక్కేసి పారిపోతారు" అంది ఆవిడ. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆలిస్‌కి తెలియలేదు. ఎవరినైనా అడగొచ్చు. కానీ ఆలిస్‌కి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చని వరసంతా అనుకుంటోంది. అడిగితే పరువు పోదూ? తప్పుల్లేకుండా తనకి వచ్చింది 'వెరీ గుడ్'. అదే రాసింది. రెండో ఇంట్లో చిలకమ్మ "అన్నీ హిందీ పాటలేనా? మన తెలుగు పాట రాదేటి?" అంది. అదీ 'వెరీ గుడ్' అయింది. ఆ తర్వాత చెయ్యి దానంతటదే రాసేసింది.

కార్డు అడుగున 'ఏ భాషలోనైనా రాయవచ్చు' అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆలిస్ అంత దూరం చదివితే కదా!

అమ్మ కార్డుతో పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది సమూయేలు తాతది.

వరస చివర రేకుల గదిలో తాత ఒక్కడే ఉంటాడు. రైల్వే వర్క్‌షాపులో, ఇంజిన్ బాయిలర్లు బాగుచేసే బాయిలర్ షాపులో ముప్పై ఐదేళ్ళు పనిచేశాడు. ఇనుము మీద సుత్తి దెబ్బలు వినీ వినీ చెవులు పోయాయి. ఆ షాపులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవారట. తాత ఇప్పటికీ ఎదుటివాళ్ళ నోటి వైపే చూస్తాడు. అయినా గట్టిగా అరిస్తేనే సగం అర్థమవుతుంది.

ఆలిస్ అరిచి అరిచి బెల్ సంగతి చెప్పింది. తాత ముఖం వెలిగిపోయింది.

"బెల్లా! రాయే గుంటా, రాయి. పాట నాకేటి ఇనబడతాది? పాటతోపాటు ఓ దీపం ఎలగాల. బయట నొక్కితే లోపల దీపం ఎలగాల. మొన్న నా తమ్ముడు పలాస నించి వచ్చినాడు. తలుపు కొట్టి కొట్టి, నాను ఇంట్లో లేననుకుని మళ్ళీ బండెక్కి ఎలిపోనాడు. ఉత్తరం వచ్చినాక తెలిసింది నాకు." తాత తెరిచి ఉన్న తలుపు వైపు చెయ్యి చూపించాడు. "అప్పటి నించి తలుపు తెరిసి పెడతన్నాను. నిన్న మేకొచ్చి క్యాలెండరు తినేసింది! జూన్ దాకా తినేసింది!"

ఆలిస్ పకపకా నవ్వింది. నవ్వుతూనే రాసింది. వెరీ గుడ్.

తాత కళ్ళు పెన్సిలు మీదున్నాయి.

"ఇదేటే? నానింత సెప్పినాను. రెండు ముక్కలేనా?"

ఆలిస్‌కి చెవులు వేడెక్కాయి. "ఇంగ్లీషులో అంతే తాతా! చిన్నగా ఉంటాది!" అని అరిచింది.

"ఓలమ్మో! గొప్ప బాసే!" తాత కార్డు మీదికి వంగాడు. "దీపం అని ఎక్కడ రాసినావ్? సూపించు."

ఆలిస్ ఆ రెండు మాటల వైపూ చూసింది. తర్వాత 'గుడ్' అన్న మాట మీద వేలు పెట్టింది.

తాత తన బండ వేలితో ఆ మాటని మెల్లగా తడిమాడు. "ఇదేనా దీపం! బాగుంది" అన్నాడు.

ఆలిస్ కార్డు లాక్కుని పరుగెత్తింది.

కొట్లో బిమల్ దా కార్డులన్నీ తిరగేసి పొంగిపోయాడు. "ఇరవైకి ఇరవై వెరీ గుడ్! అయితే ఏమీ మార్చక్కర్లేదు. ఇలాగే తయారు చెయ్యమని ఆఫీసులో చెప్పేస్తాను. షాబాష్ ఖుకీ!"

బెల్ ఆలిస్ చేతిలోకి వచ్చింది. ఎర్ర డబ్బా, తెల్ల బటన్. కానీ పొద్దుటి సంతోషం ఏమైందో తెలియదు. 'ఏమీ మార్చక్కర్లేదు' అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఇంటికి వెళ్ళి మోగిద్దామంటే నాన్న నిద్రపోతున్నాడు. కాళ్ళు వాటంతటవే వరస చివరికి నడిచాయి.

తాత గది తలుపు తెరిచే ఉంది. తాత స్టూలు ఎక్కి, మంచానికి ఎదురుగా ఉన్న గోడ దులుపుతున్నాడు. అక్కడుండే యేసు ప్రభువు పటాన్ని పక్క మేకుకి మార్చాడు.

"వచ్చినావా? ఇదిగో, దీపానికి ఈ చోటు బాగుంటాది. కూకున్నా కనబడతాది, పడుకున్నా కనబడతాది" అన్నాడు. "ఇంక తమ్ముణ్ణి రమ్మని రాసేద్దాం. ఉత్తరం నువ్వే రాయాల."

ఆలిస్ ఆ ఖాళీ గోడ వైపు చూసింది. వెనక్కి తిరిగి మళ్ళీ కొట్టుకి పరుగెత్తింది.

"దాదా, ఆ కార్డులు పంపకండి. వేరేవి ఇవ్వండి. మళ్ళీ రాస్తాను."

"ఎందుకు? ఇవి బాగానే ఉన్నాయి కదా! ఆఫీసులో ఇలాంటివంటేనే ఇష్టం."

"అవి నేను చెప్పినవి. వాళ్ళు చెప్పినవి కావు" అంది ఆలిస్. బెల్‌ని తీసి బల్ల మీద పెట్టేసింది. పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది. అయినా పెట్టేసింది.

బిమల్ దా బెల్ వైపు చూశాడు, ఆలిస్ వైపు చూశాడు. ఆయనకి చిరాగ్గానే ఉంది. "నాది ఐదింటి హౌరా లోకల్. దాని కోసం ఆగను" అన్నాడు. ఖాళీ కార్డులు మాత్రం ఇచ్చాడు. "ఇంగ్లీషు రాకపోతే నీకొచ్చిన భాషలో రాయి. కింద ఉంది కదా!"

ఆలిస్ అప్పుడు చదివింది ఆ చిన్న అక్షరాలు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? అన్నిటికన్నా కష్టమైన గడప తాతది. ముందు అక్కడికే వెళ్ళాలనుకుంది.

మామూలు వాళ్ళతో అయితే తప్పు చేశానని చెవిలో చెప్పొచ్చు. తాతకి చెవిలో చెబితే ఏం లాభం? 

"తాతా! నేను అబద్ధం చెప్పినాను!"

"ఏటీ?"

"అబద్ధం! దీపం అని రాయలేదు!"

"గట్టిగా సెప్పవే!"

ఆలిస్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "దీపం రాయలేదు తాతా! నాకు ఇంగ్లీషు రాదు! అందరికీ వెరీ గుడ్ అని రాసేసినాను!"

ఈసారి తాతకి వినబడింది. వరసంతటికీ వినబడింది! కళ్ళు తెరిచేసరికి గుమ్మం ముందు ఎస్తేరమ్మ, చిలకమ్మ, ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళ వెనకాల అమ్మ. అమ్మ వెనకాల లుంగీ సర్దుకుంటూ, ఎర్రటి కళ్ళతో నాన్న.

"నాదీ అలగే రాసినావా?" అంది ఎస్తేరమ్మ.

"అందరిదీ" అంది ఆలిస్.

"నాదీనా?" అంది సుజాతమ్మ. ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

తాత ఖాళీ గోడ వైపు ఒకసారి చూశాడు. ఆలిస్‌కి భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. కానీ వెళ్ళలేదు. చెవి మీంచి పెన్సిలు తీసి, తాత ముందు కింద కూర్చుంది.

"మళ్ళీ చెప్పు తాతా. ఈపాలి తెలుగులో రాస్తాను. రాసి నీకు చూపిస్తాను."

తాత స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. దీపం, తమ్ముడు, మేక, అన్నీ చెప్పాడు. ఆలిస్ అన్నీ రాసింది. తాత కళ్ళజోడు పెట్టుకుని కార్డు చదివాడు. బైబిలు చదివే మనిషికి తెలుగు కార్డు ఒక లెక్కా?

"పలాసలో 'స'కి దీర్ఘం ఎందుకే?" అని దిద్దించాడు. "ఆఁ, ఇదీ నా మాట."

అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. రాని ఆరుగురి కోసం ఆలిస్ వాళ్ళ గుమ్మాలకి పరుగెత్తింది. మధ్యలో చిలకమ్మ తిట్టింది కూడా. ఆ తిట్టు ఒక్కటే రాయలేదు. వేళ్ళు నొప్పెట్టాయి. పెన్సిలు మొద్దుబారితే నాన్న షేవింగ్ బ్లేడుతో చెక్కి ఇచ్చాడు. ఇరవయ్యో కార్డు పూర్తయ్యేసరికి నాలుగూ నలభై అయింది.

"సైకిలెక్కు" అన్నాడు తీతు. "బేగి! ఆ లోకల్ ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తాదో నాకు తెలుసు."

బిమల్ దా అప్పటికే కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆలిస్ రొప్పుతూ కార్డులు అందించింది. ఆయన చూసి తల పట్టుకున్నాడు. "ఇదంతా తెలుగే! నేనెలా చదవను?"

"నేను చదువుతాను. నాన్న బెంగాలీలో చెప్తాడు. మీరు వెనక రాసుకోండి దాదా" అంది ఆలిస్. కట్టలోంచి ముందుగా తాత కార్డు తీసింది.

ఆమె చదివింది, తీతు చెప్పాడు, బిమల్ దా రాశాడు. మేక దగ్గర నవ్వాడు. తమ్ముడి దగ్గర పెన్ను ఆపాడు. "చెవులు వినబడని వాళ్ళ సంగతి మాకు తట్టనే లేదు" అన్నాడు మెల్లగా.

ఎనిమిది కార్డులయ్యేసరికి బండి కదిలింది. "మాట మాత్రం ఇవ్వలేను ఖుకీ! మిగతావి ఆఫీసులో ఎవరిచేతైనా చదివిస్తాను!" అని అరిచాడు బిమల్ దా.

తర్వాత నెలలు గడిచాయి. ఆలిస్ రోజూ స్కూలు నుంచి వస్తూ కోటిలింగం గారి కొట్లోకి తొంగి చూసేది. "నేదమ్మా, ఇంకా రానేదు" అనేవాడాయన. ఆ మధ్యలో తాత తలుపు తెరిచే ఉంచుకున్నాడు. ఆలిస్ బడి లేనప్పుడల్లా ఆ గుమ్మంలో కూర్చుని మేకని తోలేది.

పూజ ముందు వారం బెల్లులొచ్చాయి. సౌండు తగ్గించడానికి పక్కన చిన్న చక్రం ఉంది. తెలుగు పాట లేదు. దీపమూ లేదు. ఆలిస్ ముఖం వాడిపోయింది.

"ఆగవే. ఎనక సూడు" అన్నాడు కోటిలింగం. బెల్ వెనక రెండు ఇత్తడి స్క్రూలు ఉన్నాయి. 'ఇక్కడ బల్బు తగిలించుకోవచ్చు' అని బెల్‌తో వచ్చిన కాగితం మీద బొమ్మ వేసి ఉంది. పార్సిల్‌తోపాటు బిమల్ దా కొత్త కార్డుల కట్ట కూడా పంపాడు. పైన ఆలిస్ పేరు రాశాడు.

ఆ సాయంత్రమే కోటిలింగం వచ్చి, తాత గుమ్మానికి బెల్ పెట్టి, లోపల తాత ఖాళీగా ఉంచిన చోట ఎర్ర బల్బు బిగించాడు.

మర్నాడు ఆలిస్ తాత గది ముందు నిలబడింది. తలుపు మూసి ఉంది. చాలా రోజులకి మూసి ఉంది. బటన్ ఒక్కసారి నొక్కింది. అరవలేదు, తలుపు కొట్టలేదు.

తలుపు తెరుచుకుంది.

"నువ్వా!" అన్నాడు తాత. నవ్వు ముఖంలో పట్టడం లేదు. "లోపలికి రా. తమ్ముడి ఉత్తరం వచ్చింది. వచ్చే ఆదివారం వస్తన్నాడు!"

ఆలిస్ కింద కూర్చుని కొత్త కార్డు తీసింది. "బెల్ ఎలగుంది తాతా?" అని అరిచింది.

"ఎలుగు బాగుంది గానీ..." అని తాత మొదలుపెట్టాడు. ఎరుపు కళ్ళకి గుచ్చుతోందట. పసుపు బల్బయితే బాగుంటుందట. తీగ పొట్టిదట. స్క్రూ మెత్తటి ఇత్తడిదట, బాయిలర్ షాపులో అయితే అలాంటిది విసిరి పారేసేవారట. తాత చెబుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం పెన్సిలు మీదే ఉన్నాయి.

కార్డు నిండిపోయింది. ఆలిస్ దాన్ని వెనక్కి తిప్పింది.

"ఆఁ, చెప్పు తాతా. ఇంకా చోటుంది."