ముక్కు మీది నల్లవెంట్రుక

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

సముద్రం మీంచి లేచిన కారుమబ్బు సూర్యుణ్ణి మింగేసింది. పట్టపగలే చీకటి! ఊరి చివర సరుగుడు తోటలో గుడ్లగూబ వేళ కాని వేళ కూసింది. ఫెళఫెళమని ఉరిమింది... ఇసుకలో నిలిపిన కపాలం ఆ ఉరుముకు కదిలినట్టయింది. దాని నుదుట కుంకుమ. కంటిగుంతల్లో నిమ్మకాయలు.

కపాలం ముందు తల్లి తులసి ఒడిలో మూడేళ్ళ ఉష పడి ఉంది. ఒళ్ళు నిప్పుకణం. రెండు కనుబొమల నడుమ, ముక్కు మొదట్లో, చిన్న గడ్డ. గడ్డ మీద సూదిమొనంత గుంట. ఆ గుంటలోంచి పొడుచుకొచ్చి... ఒకే ఒక్క నల్లని వెంట్రుక!

గడ్డ పుట్టుకతోనే ఉంది. పోయిన అమావాస్యకి మంత్రగాడు జోగయ్య ఆ వెంట్రుకను పట్టకారుతో పీకి, ఎవరో చేతబడి చేసి పెట్టిన చిల్లంగి వదిలిందన్నాడు. వెంట్రుక మళ్ళీ మొలిచింది. గడ్డ ఎర్రగా వాచింది. జ్వరం పట్టుకుంది.

"చిల్లంగి పెట్టినదాని ఎంటిక అది!" జోగయ్య గర్జించాడు. "కాల్చిన సూదితో ఏరు పెకలించాల. పెట్టినదాని ముందుపళ్ళు రాలగొట్టాల. అప్పుడే పిల్ల బతుకుతాది!"

అతని వేలు ఉష మేనత్త దానమ్మ వైపు చూపించింది. మొగుడు సముద్రంలో పోయాక చేపలమ్ముకుని బతుకుతున్న మనిషి. సొంత తమ్ముడు, ఉష తండ్రి శివాజీయే, ఆమెను వలతాడుతో సరుగుడు మానుకి కట్టాడు. ఇప్పుడతని చేతిలో గుండ్రాయి ఉంది.

"ఒరే తమ్ముడా, నా జుట్టు సూడరా. ముగ్గుబుట్టయిపోనాది. ఆ ఎంటికేమో కాకిలాగ నల్లగున్నాది. నాదెలాగవుతాదిరా?"

చుట్టూ మూగిన ఊరి గుంపులో ఎవరో కిసుక్కున నవ్వి, భయంతో నోరు మూసుకున్నారు.

"చిల్లంగి ఎంటిక తెల్లబడదే, ముండా!" జోగయ్య కసిరాడు.

జోగయ్య నిప్పుల్లోంచి సూది తీశాడు. ఎర్రని మొన పసిముఖం మీదికి వంగింది... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఉష కళ్ళు పైకి తేలిపోయాయి! ఒళ్ళు కర్రలా బిగుసుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట నురగ!

"సూడండి! దెయ్యం లొంగుతన్నాది!"

తులసికి దెయ్యం కనిపించలేదు. నిన్నటి నుంచి పిల్ల మెడ వంగడం లేదు. వెలుతురు చూస్తే ఏడుస్తోంది. చెబితే ఎవరూ వినలేదు.

మాను దగ్గర్నుంచి కేక... "నా పళ్ళు తరవాత రాలగొట్టుకుందురుగాని! ముందు పిల్లని ఆస్పత్రికి తీసుకుపోండిరా!"

శివాజీ చేతిలోని రాయి జారిపోయింది. అతను అక్క కట్లు కోస్తుండగానే, తులసి పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తింది. వెనకనుంచి జోగయ్య శాపం ఉరిమింది.

"ఆ ఏరుని ముట్టిన సెయ్యి కుళ్ళిపోతాది! ముట్టినోళ్ళు మళ్ళీ అమావాస్య సూడరు! ఈ కపాలం మీద ఆన!"

శ్రీకాకుళంలో మందులెక్కించి విశాఖకు పంపించారు. తలకు స్కాన్ తీశారు. నాలుగో రోజున మెదడు డాక్టర్ అనూరాధ ఆ చిత్రాన్ని వెలుగుకెత్తి చూపించింది. గడ్డ దగ్గర మొదలై, ఎముకలోని రంధ్రం గుండా, మెదడు పొర దాకా... సన్నని దారి!

"దీన్ని డెర్మాయిడ్ సిస్ట్ అంటారు. కడుపులో ముఖం తయారయ్యేటప్పుడు చర్మం ముక్క ఒకటి లోపల చిక్కుకుపోయింది. చర్మమే కాబట్టి అక్కడా వెంట్రుక మొలుస్తుంది, జిడ్డు ఊరుతుంది. పీకినా పొడిచినా చీము ఈ దారినే లోపలికి పోతుంది. సూది గుచ్చి ఉంటే..."

"అయితే ఆ ఎంటిక ఎవులిదమ్మా?" దానమ్మ అడిగింది.

"మీ మేనకోడలిదే."

శివాజీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ముందు చీము తగ్గాలి. ఆ తరవాతే కోత. దారిలో ఇసుమంత మిగిలినా గడ్డ మళ్ళీ వస్తుందని, మెదడు డాక్టరూ ముక్కు డాక్టరూ కలిసి మొత్తం తీయాలన్నారు. ఆ రోజున ఆపరేషన్ గది బయట తులసి నీళ్ళు కూడా ముట్టలేదు. శాపం చెవుల్లో మోగుతూనే ఉంది. తలుపు తెరుచుకునేసరికి ఆమె మొదట చూసింది డాక్టరమ్మ చేతుల వంక!

తీసిన గడ్డను పరీక్షకు పంపారు. ఒక్క వెంట్రుకను దానమ్మ బతిమాలి చిన్న సీసాలో తెచ్చుకుంది.

కోత జరిగాక రెండు అమావాస్యలు దాటాయి. మూడో అమావాస్య, మళ్ళీ మిట్టమధ్యాహ్నం... ఈసారి మబ్బు లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఊరంతా చూస్తుండగా దానమ్మ సరుగుడు తోటలో, కపాలానికి ముందున్న జోగయ్య ఎదుట నిలబడింది. చంకలో ఉష. చిన్నారి ముక్కు మీద సన్నని గీత. దానమ్మ మణికట్ల మీద తాడు గుర్తులు ఇంకా మాసిపోలేదు.

"కోసిన డాక్టరమ్మ సేతులు శుభ్రంగున్నాయి, జోగయ్యా. మొన్న పిల్లని సూపించడానికెల్తే ఆ సేతుల్తోనే దీనికి బిస్కట్ తినిపించింది." సీసా తెరిచి వెంట్రుకను అరచేతిలో పెట్టుకుంది. "ఇదిగో నీ చిల్లంగి. ముట్టుకో!"

జోగయ్య ఒకడుగు వెనక్కి వేశాడు.

"అంత మంత్రగాడివి... నీకేటవుతాది? ముట్టుకో!"

మరో అడుగు... ఇంకో అడుగు... మడమకు కపాలం తగిలి వెల్లకిలా పడ్డాడు! కపాలం చిట్లిపోయింది. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి ఉష కంటబడింది.

"అత్తా, బంతి!" అంది ఉష.

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి ఎవరూ నోరు మూసుకోలేదు. నవ్వు అలలా లేచి, ఇసుకలో పాకుతూ పారిపోతున్న జోగయ్యను సరుగుడు తోట చివరిదాకా తరిమింది.

అందరికంటే గట్టిగా నవ్వింది దానమ్మే... ఎండలో పళ్ళన్నీ తళతళ మెరుస్తుండగా!