అనూరాధ గదికి తొలి బోణీ

పొద్దున్నే కొట్టు ముందు నీళ్ళు జల్లుతూ ఈశ్వరి కూతుర్ని పిలిచింది. "అనూ, మీ నాన్న కొత్త సొక్కా తొడిగారే. ఏటి కథో సూడు."

అనూరాధ నవ్వలేదు. నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద వాళ్ళది కిరాణా కొట్టు. పక్క గదిలో ఉండే పప్పు బస్తాలు మొన్ననే పెరట్లోకి వెళ్ళిపోయాయి. గదికి వెల్ల వేశారు. బల్ల, రెండు కుర్చీలు వచ్చాయి. 'డాక్టర్ అనూరాధ' అన్న బోర్డు గోడకి ఆనించి ఉంది. ఇంకా పైకెక్కించలేదు.

ఆమె డాక్టరు కాదు. విశాఖపట్నంలో నాలుగేళ్ళు ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో సర్జన్ పక్కన పని చేసింది. రోగి సంగతులన్నీ రాసిపెట్టడం, ఆపరేషన్లో చెయ్యందించడం, చివర్న కుట్లు వెయ్యడం ఆమె పనే. తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం తెల్లకోటు విప్పి క్యాంటీన్లో కూర్చోమనేవారు. పేర్లు నమోదు చేసుకునే కౌన్సిలు డాక్టర్లకుంది, నర్సులకుంది. ఈ అసిస్టెంట్లకి లేదు. ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో చెప్పేవాళ్ళూ లేరు. కిందటి నెల కొత్త యాజమాన్యం, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు వద్దని వీళ్ళని పంపించేసింది.

"నాన్నా, డాక్టరు లేకుండా నేనొక్క మాత్ర కూడా రాయకూడదు. ఎన్నిసార్లు సెప్పాలి?"

"అవతల వీధిలో పదో తరగతి తప్పినోడు సూదులు పొడిసేస్తన్నాడు. నాలుగేళ్ళు సదివినావు, నీకేటి తక్కువ?" అన్నాడు జగన్నాధం.

"అతనికి భయం లేదు. నాకుంది."

ఉల్లిపాయలకొచ్చిన మరిడమ్మ లోపలికి తొంగి చూసింది. "ఏటి సావుకారూ, డాకటరమ్మ కొట్టు తెరవదేటి? నా మోకాళ్ళు ఎదురుసూస్తన్నాయి."

"ముందు బోణీ అవనియ్యి, మరిడమ్మా."

వాళ్ళింట్లో ఏ కొట్టు తెరిచినా తొలి బోణీ ఇంటిపెద్దదే. జగన్నాధం గదిలోకెళ్ళి కుర్చీలో కూర్చుని, చొక్కా మడిచి చెయ్యి చాచాడు. "బీపీ సూడమ్మా. రెండు మాత్రలు రాసియ్యి. బోర్డు ఎక్కించేస్తాను."

వాదించే ఓపిక లేక అనూరాధ చేతికి పట్టీ చుట్టింది. చూసింది. మళ్ళీ చూసింది. రెండో చేతికీ చుట్టింది.

"తలనొప్పి వస్తందా నాన్నా?"

"రోజూ వస్తాది."

"ఎప్పట్నించి?"

"నువ్వు ఇంటికొచ్చేసిన కాడ్నించి."

ఆమె పట్టీ విప్పేసింది. "రెండొందలకి దగ్గరుంది. శ్రీకాకుళం పోదాం పద, ఇప్పుడే."

"నువ్వే రాయి."

"ఏ మాత్ర వెయ్యాలో తెలుసు నాన్నా. రాసే హక్కు నాకు లేదు."

"అయితే మందే వద్దు. కూతురు డాక్టరని ఊరందరికీ సెప్పుకున్నాను. ఇప్పుడు ఇంకో డాక్టరు గుమ్మం ఎక్కితే నవ్వరేటి? నువ్వు రాస్తే మింగుతాను. నేకపోతే నేదు."

అనూరాధ చెయ్యి కలం మీదికి వెళ్ళింది. ఒక్క పేరు రాస్తే చాలు. నాన్న మింగుతాడు. రేపు మరిడమ్మ వస్తుంది, ఎల్లుండి ఇంకొకరు. వాళ్ళకేమైనా అయితే అడగడానికి వాళ్ళకో చోటుండదు. చెప్పుకోవడానికి తనకీ ఉండదు.

కలం వదిలేసి తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది.

"నేను డాక్టర్ని కాను నాన్నా. నర్సునీ కాను. నాలాంటోళ్ళ పేర్లు రాసుకునేవాళ్ళే ఎక్కడా లేరు. కౌన్సిలు వస్తాది వస్తాదంటన్నారు. ఈ బీపీతో వచ్చే పక్షవాతం అంతదాకా ఆగదు."

గుమ్మంలో ఈశ్వరి చీపురు విసిరికొట్టింది. "మీ పరువుకి నా బొట్టు కావాలేటండీ? లెగండి!"

జగన్నాధం లేచాడు.

శ్రీకాకుళంలో డాక్టరు అడిగినవన్నీ అనూరాధే చెప్పింది. రెండు చేతుల్లో బీపీ ఎంతుందో, తలనొప్పి ఎప్పట్నించో, చూపు మసకబారడం లేదని కూడా. డాక్టరు మందులు రాస్తూ తలెత్తాడు. "మీరేం చేస్తుంటారమ్మా?"

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఊళ్ళో అందరికీ చెప్పే మాట జగన్నాధం నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి కళ్ళు వద్దని బతిమాలాయి.

"మా అమ్మాయండి," అన్నాడు. "నన్ను తీసుకొచ్చింది."

తిరుగు దారిలో ఆటో సింగుపురం ఊరు దాటింది. జగన్నాధం కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"డాక్టరు పక్కన నిలబడే సదువంటే డాక్టరు సదువే అనుకున్నానమ్మా. ఒక్కమాట ఎవుళ్నీ అడగనేదు."

"సేరినప్పుడు నాకూ తెలీదు నాన్నా."

"మరి రేపట్నించి ఏటి సేస్తావు?"

అనూరాధ తండ్రి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, అలవాటుగా మణికట్టు మీద వేళ్ళు పెట్టి, ఇల్లు చేరేదాకా అలాగే నాడి చూస్తూ కూర్చుంది.