చేతి మీద పేరు

మే 9. ఉదయం 6.40.

గిలకలదిండి హార్బరుకి దక్షిణంగా, ఇసుకలో మగమనిషి శవం. వయసు యాభై పైనే. పేరు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. పోతురాజు. పెద్ద అక్షరాలు. ఇంకా పొక్కులు రాలని కొత్త టాటూ.

కానిస్టేబుల్ వెంకటరమణ చకచకా రాసుకున్నాడు. "ఎడమ చేతికి కట్టు."

మెరైన్ ఎస్సై ఉమాదేవి వంగి చూసింది. అది కట్టు కాదు. మణికట్టు నుంచి మోచేతి దాకా చుట్టిన, లోపలి అక్షరాలు కనిపించేంత పల్చటి పాలిథిన్ కవరు. రెండు కొసలా వలలు బాగుచేసే నైలాన్ దారం. ముడి మీద ముడి.

"విప్పకండి. ఇలాగే ఫొటోలు తీయించండి" అంది.

7.30కి బోటు ఓనరు కొండలరావు వచ్చాడు. పోతురాజు ఆయన బోటులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు.

"నిన్న సాయంత్రం జెట్టీ మీద తాగి కూర్చున్నాడండీ. పెళ్లాం పిల్లలు లేరు. చేపల వేట నిషేధం, పని కూడా లేదాయె. మనసు విరిగి దూకేసుంటాడు."

"మీ బోటు?"

"ఏప్రిల్ 15 నుంచి కట్టేసే ఉంది మేడం. జూన్ 14 దాకా కదిలిస్తే మీరు ఊరుకుంటారా?"

నవ్వాడు. శవం పక్కన నిలబడి నవ్వేవాళ్లంటే ఉమాదేవికి ఒళ్లు మంట.

పోతురాజుది అద్దె గది. ఒక మంచం. ఒక కంచం. ఒక గ్లాసు. రెండో మనిషి వస్తే కూర్చోడానికి ఏమీ లేదు. గోడకి గుడివాడ టాటూ షాపు కార్డు ఒకటి అంటించి ఉంది: టాటూ తరవాత తీసుకోవాల్సిన జాగ్రత్తలు. పక్కనే ఛార్జింగులో ఫోను.

సరిగ్గా 8.00కి అలారం మోగింది. తెర మీద రెండే మాటలు. 'చేతికి మందు.'

11.20. గుడివాడ. టాటూ షాపు నడిపే హెప్సిబాకి కబురు అప్పటికే తెలిసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడు వేశారు?"

"మూడో తారీకు, పదకొండింటి స్లాట్. జనవరిలోనే బుక్ చేసుకున్నాడు మేడం."

"అంత ముందా?"

"రెండు మూడు వారాలు ఉప్పునీళ్లు తగలకూడదన్నాను. అయితే వేట ఆపే రోజుల్లోనే వస్తానన్నాడు. ఆ తరవాత నాలుగుసార్లు ఫోన్ చేశాడు. టిఫిన్ తిని రావాలా, చేతి మీద వెంట్రుకలు తీయించుకుని రావాలా అని. ముందు రోజు తాగొద్దన్నాను. చెయ్యి మానేదాకా ముట్టనన్నాడు."

"కవరు చుట్టుకోమన్నారా?"

"అస్సలు వద్దన్నాను. గాలి ఆడాలి కదండీ. రెండుపూటలా కడిగి, తుడిచి, పల్చగా మందు రాయాలి. పొక్కులు గీకకూడదు. అన్నీ చేసి, రోజూ నాకు ఫొటో పంపేవాడు."

"అందరూ ఎవరెవరి పేర్లో వేయించుకుంటారు. ఈయన సొంత పేరు వేయించుకున్నాడేం?"



"నేనూ అడిగాను. ఒడ్డుకి కొట్టుకొస్తే నన్ను గుర్తుపట్టేవాళ్లు లేరమ్మా, గుర్తు తెలియని శవం అని రాసేస్తారు, అలా పోవడం నాకిష్టం లేదు అన్నాడు."

ఇరవై ఏళ్ల సర్వీసులో అలాంటి రిపోర్టులు ఉమాదేవి ఎన్ని రాసిందో లెక్కలేదు.

సాయంత్రం 4.00. స్టేషన్లో కొండలరావు, బోటు డ్రైవర్ వాసు. టేబుల్ మీద చేతి ఫొటో.

"కొండలరావు గారూ, చావబోయేవాడు చెయ్యి తడవకుండా కవరు చుట్టుకుంటాడా?"

"స్నానానికి చుట్టుకున్నాడేమోనండీ."

"మంచినీళ్లతో రోజూ కడగమని కార్డులో ఉంది. ఆయన భయమంతా ఉప్పునీళ్లకే. అంటే సముద్రం మీదికి వెళ్లాడు. పనికే వెళ్లాడు. పనికంటే బోటు కదలాలి."

కొండలరావు కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇంకోటి. ఎడమ చేతి మీద ఇంత బిగుతు ముడులు ఒంటి చేత్తో వేసుకోలేడు. ఎవరో కట్టారు. వాసూ, ఎవరు కట్టారు?"

వాసు తల వంచుకున్నాడు.

"నేనేనండి. రాకపోతే జూన్లో బోటెక్కించనని ఓనరు గారు బెదిరించారు. పోతురాజు బాబాయ్ చెయ్యి చూపించి బతిమాలాడు. ఆయన వినలేదు. ఐస్ కవరు కోసి నేనే చుట్టాను. నిన్న తెల్లారగట్ల వెళ్లాం. తొమ్మిదింటికి వల లాగుతుంటే పడిపోయాడు. బోటు తిప్పాను. చెయ్యి అందింది కూడా."

"తరవాత?"

"కవరు మీద నా పట్టు జారిపోయింది. మీకు చెబుదామని ఓనరు గారికి ఫోన్ చేస్తే వద్దన్నారు. నిషేధంలో వెళ్లామని కేసవుద్ది, వచ్చేయమన్నారు."

"అప్పటికి బతికే ఉన్నాడా?"

"పిలుస్తున్నాడండి."

కొండలరావుని లోపలికి తీసుకెళ్లమని ఉమాదేవి వెంకటరమణకి చెప్పింది. వాసుని కూడా.

శవం కోసం ఆ రోజు ఎవరూ రాలేదు.

మర్నాడు 10.15కి బందరు ఆసుపత్రికి హెప్సిబా వచ్చింది. టాటూ ఫారంలో 'అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి' అన్న చోట పోతురాజు ఏమీ రాయలేదట. ఖాళీగా ఉంచడం ఇష్టంలేక తన నంబరే రాసుకుందట.

ఉమాదేవి శవం అప్పగించే రిజిస్టరు ముందుకు జరిపింది. హెప్సిబా సంతకం పెట్టింది. బంధుత్వం అన్న గడి దగ్గర ఆగిపోయింది.

'కస్టమర్' అని రాసింది. కొట్టేసింది.

పక్కన 'తెలిసిన మనిషి' అని రాసింది.